రోడ్డు రేసుకైనా, ట్రెయిల్ రేసుకైనా: రన్నింగ్ క్లబ్బు సభ్యులు తయారు కావాల్సిన తీరు

క్లబ్బులో కలిసి పరిగెత్తడం అలవాటైన కొన్నాళ్లకు ఎవరో ఒకరు అడుగుతారు, "ఈసారి రేసుకి పేరు ఇచ్చేద్దామా?" అని. ఇద్దరు ఊఁ అంటే చాలు, వారం తిరిగేసరికి పదిమంది పేర్లు చేరతాయి. ఆ ఊపు మంచిదే. అయితే ఆ పదిమందిలో ఒకరు ఇంతవరకు 5 కిలోమీటర్లు దాటి ఉండరు. ఇంకొకరు మారథాన్లు చేసినా మట్టిదారి తొక్కి ఉండరు. మరొకరు మోకాలి నొప్పి నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటూ ఉంటారు. అందరినీ ఒకే రేసుకి ఒకే ప్లాన్‌తో పంపితే సగంమంది కుంటుకుంటూ తిరిగొస్తారు.

నా లెక్కలో క్లబ్బు చేయగలిగిన అసలు మేలు, తొందరపడే కాళ్లకు సరైన చోట పగ్గం వేయడం. ఉత్సాహం ఎవరికి వాళ్లు తెచ్చుకుంటారు. "ఇక్కడ ఆగు" అని చెప్పే మనిషి మాత్రం ఒంటరిగా పరిగెత్తేవాళ్లకి దొరకడు. రేసు ఎంచుకునే దగ్గర్నుంచి రేసయ్యాక మళ్లీ షూస్ కట్టుకునేదాకా ఆ పగ్గం ఎక్కడెక్కడ వేయాలో వరసగా చెబుతాను.

1. ఎవరు ఏ రేసుకి

రోడ్డు రేసులో దూరం చూస్తే దాదాపు అంతా తెలిసిపోతుంది. 5, 10, 21.0975, 42.195 కిలోమీటర్లు. మారథాన్‌కి ఆ 42.195 అనే అంకె 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టి, 1921లో ప్రమాణంగా స్థిరపడింది. ఇవాళ ఎక్కడ మారథాన్ పరిగెత్తినా దూరం అదే కాబట్టి, పాత టైమ్ పక్కన కొత్త టైమ్ పెట్టి చూసుకోవచ్చు.

కొండల్లో, అడవుల్లో మట్టిదారుల మీద జరిగే ట్రెయిల్ రేసులో దూరం ఒక్కటే చూస్తే మోసపోతాం. "25 కిలోమీటర్లే కదా, హాఫ్ మారథాన్ కంటే కాస్త ఎక్కువ" అని పేరిచ్చేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. పేరిచ్చే ముందు మొత్తం ఎక్కాల్సిన ఎత్తు ఎంతో చూడాలి. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ ఒక కిలోమీటరు కలుపుకోవడం ట్రెయిల్ రన్నర్లు వాడే లెక్క. 25 కిలోమీటర్ల దారిలో 1,200 మీటర్ల ఎక్కుడు ఉంటే అది 37 కిలోమీటర్ల శ్రమ. కొండదారికి సమయం లెక్కగట్టే ఆలోచన కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ 1892లోనే, గంటకి 5 కిలోమీటర్లు నడుస్తామనుకుని ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట కలపమన్నాడు. అది నడిచేవాళ్ల లెక్కే అయినా, కటాఫ్ సమయం (రేసు ముగించాల్సిన గడువు) తనకి సరిపోతుందా అని భయపడే సభ్యుడికి ఇప్పటికీ అక్కరకొస్తుంది.

అందుకే మొదటిసారి ట్రెయిల్‌కి వెళ్లేవాళ్లకి ఒకటే షరతు పెట్టండి. ఎక్కుడు కలిపిన ఆ లెక్క, వాళ్లు ఇంతవరకు హాయిగా పూర్తిచేసిన అతి పెద్ద రోడ్డు రేసు దూరాన్ని దాటకూడదు. హాఫ్ మారథాన్ చేసినవాళ్లు 15 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు ఉన్న రేసు చూసుకుంటే చక్కగా సరిపోతుంది.

రోడ్డు మీద టార్గెట్ టైమ్‌కీ ఇలాంటి కొలత ఉంది. పీట్ రీగల్ అనే అమెరికన్ ఇంజినీరు ఇచ్చిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం రెండింతలు కాదు, సుమారు 2.085 రెట్లు అవుతుంది. హాఫ్ 2 గంటల్లో చేసినవాళ్లకి మారథాన్ సుమారు 4 గంటల 10 నిమిషాలు. అదీ మారథాన్‌కి తగ్గ లాంగ్ రన్స్ (ట్రెయినింగ్‌లో చేసే దూరపు పరుగులు) చేసి ఉంటేనే. 2 గంటల హాఫ్ చేతిలో పెట్టుకుని "3 గంటల 50 నిమిషాల్లో కొట్టేస్తా" అనే సభ్యుడికి ఈ అంకె చూపించండి.

కేలెండర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సీజన్‌కి ప్రాణం పెట్టి పరిగెత్తే రేసులు ఒకటో రెండో ఉంటే చాలు. మిగతావి ట్రెయినింగ్‌లో భాగంగా, ఆరాటం లేకుండా చేయాలి. మారథాన్‌కీ గట్టి ట్రెయిల్ రేసుకీ మధ్య కనీసం ఐదారు వారాలు ఉండాలి.

2. కలిసి చేసే ట్రెయినింగ్

క్లబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, ఈజీ రన్ మెల్లగా రేసుగా మారిపోవడం. ముందున్నవాడు ఒక అడుగు పెంచుతాడు, పక్కవాడు పట్టుదలకి పోతాడు, వెనకున్నవాళ్లు రొప్పుతూ అందుకుంటారు. వారంలో చేసే పరుగులో ఐదింట నాలుగు వంతులు, ఆయాసం లేకుండా మాట్లాడుకుంటూ వెళ్లగలిగేంత నెమ్మదిగా ఉండాలి. ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందని అర్థం. ప్రతి గుంపుకీ ఒకరిని చిట్టచివర పరిగెత్తమని ముందే చెప్పి ఉంచండి. ఆ పని అనుభవం ఉన్నవాళ్లకి ఇవ్వాలి. అందరికంటే వేగంగా పరిగెత్తగలిగిన మనిషి చివర వస్తుంటే, ముందున్నవాళ్లకి పోటీపడాలనే కోరిక తగ్గిపోతుంది.

వేగం పెంచే సెషన్‌ని దూరంతో కాకుండా నిమిషాలతో కొలవండి. మూడు నిమిషాలు గట్టిగా పరిగెత్తాలి, విజిల్ పడగానే వెనక్కి తిరిగి ఆఖరి మనిషి దాకా జాగింగ్ చేస్తూ రావాలి, అక్కడినుంచి అందరూ కలిసి మళ్లీ బయల్దేరాలి. ఇలా చేస్తే 20 నిమిషాల్లో 5 కిలోమీటర్లు చేసేవాళ్లూ, 35 నిమిషాలు పట్టేవాళ్లూ ఒకే చోట ఒకే కష్టం పడతారు. ఎవరూ వెనకబడిపోయామని చిన్నబుచ్చుకోరు.

రోడ్డు రేసుకి లాంగ్ రన్ చివరి భాగం రేసు వేగంతో చేయడం బాగా పనిచేస్తుంది. ట్రెయిల్ రేసుకి లాంగ్ రన్ కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఎన్ని గంటలు కాళ్ల మీద ఉన్నామో చూడండి. ఎక్కుడులో నడవడం కూడా ట్రెయినింగే. రెండు చేతులూ తొడల మీద, మోకాలికి కాస్త పైన ఆనించి, ముందుకి వంగి, ఒక్కో అడుగుకీ అరచేత్తో తొడని కిందికి నొక్కుతూ ఎక్కాలి. నిలువుగా ఉన్నచోట పరిగెత్తేవాళ్లకీ ఇలా నడిచేవాళ్లకీ వేగంలో పెద్ద తేడా ఉండదు. గుండె మీద పడే భారంలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు దిగుడు. ట్రెయిల్‌కి కొత్తగా వచ్చిన రోడ్డు రన్నర్లు ఎక్కుడుకి భయపడతారు, దెబ్బ తినేది దిగుడులో. కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే ఒంటి బరువుని ఆపాల్సి వస్తుంది. కండరాల్లో సన్నటి చిరుగులు పడేది ఆ పనిలోనే. రేసయిన మర్నాటికంటే రెండో రోజు మెట్లు దిగడం కష్టమయ్యేది అందుకే. కండరానికి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి ఆ దెబ్బ రుచి చూస్తే, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా చెడిపోదు. కాబట్టి ట్రెయిల్ రేసుకి రెండుమూడు వారాల ముందు దిగుడు సెషన్ ఒకటి తప్పనిసరిగా పెట్టండి. వాలుగా ఉన్న దారి చూసుకుని ఆరేడుసార్లు కిందికి పరుగు, పైకి నడక. రేసు వారంలో మాత్రం అది పనికిరాదు. నొప్పి తగ్గకముందే రేసు రోజు వచ్చేస్తుంది.

దిగడం నేర్పేటప్పుడు ఒకరు కింద నిలబడి చూడాలి. ఆ మాటలు ఇలా ఉంటాయి:

"అన్నా, మడమ ముందు పడుతోంది, బ్రేక్ వేస్తున్నావు."

"జారిపోతానేమోనని భయంగా ఉందక్కా."

"అడుగు చిన్నది చెయ్యి, తొందర తొందరగా వెయ్యి. చూపు కాళ్ల దగ్గర వద్దు, నాలుగైదు అడుగుల ముందు పెట్టు. చేతులు బిగించకు, వదిలెయ్."

ఒళ్లు వెనక్కి వాలిస్తే జారిపడే అవకాశం ఎక్కువ. ఇది మాటతో చెబితే ఎవరూ నమ్మరు, కాస్త ముందుకి వంగి రెండుసార్లు దిగి చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

3. షూస్, సామాను

రోడ్డుకి మీ కాలికి కుదిరిన జత ఏదైనా సరే, రేసుకి ముందు రెండు మూడు లాంగ్ రన్స్ అందులో చేసి ఉండాలి. ట్రెయిల్‌కి అడుగున పళ్లున్న షూస్ కావాలి. గట్టి మట్టి, రాళ్లు ఉంటే 3, 4 మిల్లీమీటర్ల పళ్లు చాలు, బురదైతే ఇంకా లోతైనవి. దిగుడులో కాలివేళ్లు షూ ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. దానికి విరుగుడు లేసులోనే ఉంది. షూ పైఅంచున అందరూ వదిలేసే చివరి రంధ్రం ఒకటి ఉంటుంది చూడండి. లేసుని అదే పక్క రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా చేసి, రెండో పక్క లేసు కొసని ఆ ఉచ్చులోంచి లాగి కట్టాలి. మడమ కదలదు, వేళ్లకి చోటు మిగులుతుంది.

ట్రెయిల్ రేసుల్లో తప్పనిసరి సామాను జాబితా ఇస్తారు. నీళ్ల సంచి, విజిల్, ఒంటికి చుట్టుకునే వెండిరంగు రేకు దుప్పటి, గాలీవానా ఆపే జాకెట్, హెడ్‌ల్యాంప్, చార్జింగ్ ఉన్న ఫోన్ మామూలుగా ఉంటాయి. అందులో ఒక్కటి కూడా "బరువు దండగ" అని తీసేయకండి. చెమటతో తడిసిన మనిషి చీలమండ బెణికి కొండమీద అరగంట కూర్చుంటే చాలు, వణుకు మొదలవుతుంది. విజిల్ ఎలా ఊదాలో కూడా అందరికీ నేర్పండి. ఆపదలో ఉన్నామని చెప్పే కొండప్రాంతపు సంకేతం నిమిషంలో ఆరుసార్లు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. విన్నామని చెప్పే జవాబు నిమిషంలో మూడుసార్లు.

4. తిండి, నీళ్లు

గంటన్నర లోపు అయిపోయే రేసుకి ముందుగా తిన్న తిండే చాలు. అంతకు మించితే గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు అందాలి. రెండున్నర గంటలు దాటే రేసుల్లో, కడుపు అలవాటుపడినవాళ్లు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసిన వాటితో 90 దాకా వెళ్లగలరు. చాలా జెల్‌లలో 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి, ప్యాకెట్ మీద చూసి లెక్క వేసుకోండి. కడుపుని కూడా కాళ్లలాగే ట్రెయిన్ చేయాలి. రేసులో తినబోయేది ఏదైనా లాంగ్ రన్‌లో ముందే తిని చూసుండాలి.

నీళ్ల విషయంలో క్లబ్బు పెద్దలు చెప్పే "దొరికిన ప్రతిచోటా తాగు" అన్న సలహా మానేయాల్సిన సమయం వచ్చింది. నెమ్మదిగా నాలుగైదు గంటలు పరిగెత్తే మనిషి ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసులు ఖాళీ చేస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం దాని గుర్తులు. డీహైడ్రేషన్ అనుకుని అలాంటివాళ్లకి ఇంకా నీళ్లు పట్టిస్తే ప్రాణం మీదికొస్తుంది. దాహం వేసినప్పుడు తాగడం చాలామందికి సరిపోతుంది. రేసులో ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద భారం వేస్తాయి.

ఎండదెబ్బ దీనికి వేరు. ఎండలో పరిగెత్తుతూ ఎవరైనా తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే ఆసుపత్రి దాకా ఆగకూడదు. వెంటనే వైద్య సాయానికి కబురు పెట్టి, ఈలోపు చల్లటి నీళ్లలో ముంచో, ఒళ్లంతా తడిపి గాలి విసిరో అక్కడికక్కడే చల్లబరచాలి. తరలించడం ఆ తర్వాత. క్లబ్బులో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సింది ఇది.

5. ఆఖరి రెండు వారాలు

మారథాన్‌కి రెండు మూడు వారాలు, చిన్న రేసులకి ఒక వారం ముందు నుంచి పరుగు దూరం సగానికి దగ్గరగా తగ్గించాలి. వేగం సెషన్లు పూర్తిగా మానకుండా, చిన్నవి చేసి ఉంచుకోవాలి. ఈ రోజుల్లో టెన్షన్ ఎక్కువై "ఒక్క 30 కిలోమీటర్లు చేసి చూసుకుంటా" అనేవాళ్లు తప్పక ఉంటారు. ఆ చివరి పరుగు వల్ల ఒంటికి వచ్చే లాభం రేసు రోజుకి అందదు, అలసట మాత్రం మిగిలే ఉంటుంది. వాళ్లకి ఫోన్ చేసి ఆపండి.

రాలేని సభ్యుడి బిబ్ (చొక్కాకి తగిలించుకునే రేసు నంబరు) ఇంకొకరికి ఇచ్చేయకండి. ఆ నంబరు వెనక ఉన్న పేరు, వయసు, అత్యవసర ఫోన్ నంబరు చూసే వైద్య సిబ్బంది పనిచేస్తారు. నిర్వాహకులు పేరు మార్పు అనుమతిస్తే ఆ దారిలోనే వెళ్లాలి.

6. రోడ్డు రేసు రోజు

గన్ పేలిన క్షణం నుంచి లెక్కపెట్టేది గన్ టైమ్. మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి లెక్కపెట్టేది చిప్ టైమ్. గుంపులో వెనక ఉన్నందుకు మీ సొంత టైమ్ పోదు కాబట్టి, మీ వేగానికి తగ్గ చోటే నిలబడండి.

మొదటి 3 కిలోమీటర్లలో రేసు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. టేపర్ వల్ల, అంటే ఆఖరి వారాల్లో పరుగు తగ్గించినందువల్ల, కాళ్లు తేలిగ్గా ఉంటాయి, చుట్టూ జనం, చప్పట్లు. అప్పుడు మామూలు వేగం కూడా నడకలా అనిపిస్తుంది. 4 గంటల మారథాన్‌కి కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు కావాలి. మొదటి మూడు కిలోమీటర్లు అంతకంటే పదేసి సెకన్లు నెమ్మదిగా వెళితే పోయేది అర నిమిషం. అదే పదేసి సెకన్లు ఎక్కువ వేగంగా వెళితే 32వ కిలోమీటరు దగ్గర పోయేది నిమిషాల్లో ఉంటుంది. అందుకే ఒకే టార్గెట్ ఉన్నవాళ్లని ఇద్దరిద్దరిగా జత చేసి, 5 కిలోమీటర్ల బోర్డు దాకా ఒకరినొకరు దాటకూడదని ఒప్పందం పెట్టండి.

వాచీ దూరానికీ బోర్డు దూరానికీ తేడా వస్తే గాభరా పడకండి. ప్రామాణికమైన రోడ్డు కోర్సుని జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించిన సైకిల్‌తో, మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. పొరపాటున కూడా దూరం తగ్గకుండా కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. మనం మాత్రం మలుపుల్లో బయటివైపు తిరుగుతాం, జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ పోతాం. వాచీలో 42.6 పడటం మామూలే. వాచీ చూసుకుంటూ కచ్చితంగా 5:41 మీదే నడిస్తే ఆ 42.6కి 4 గంటల 2 నిమిషాలు దాటుతుంది. టార్గెట్ అంచు మీద ఉన్నవాళ్లు వాచీలో 5:38 పెట్టుకుని, సమయాన్ని బోర్డుల దగ్గర సరిచూసుకోవాలి. మలుపు కనిపించగానే లోపలి అంచు వైపు తిన్నగా వెళ్లడం ఖర్చు లేని లాభం.

కాగితం గ్లాసు అందుకున్నాక పైఅంచుని వేళ్లతో నొక్కి సన్నగా చేయండి. నీళ్లు ముక్కులోకి పోవు. ఇంకొక్క మాట. పేరివ్వని సభ్యుడు మధ్యలో దూరి పక్కన పరిగెత్తుతూ పేస్ ఇవ్వడం చాలా రోడ్డు రేసుల్లో నియమ విరుద్ధం. ప్రేమతో చేసినా మీ మనిషి ఫలితం రద్దు కావచ్చు.

7. ట్రెయిల్ రేసు రోజు

ఇక్కడ పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) చూడటం మానేయండి. కిలోమీటరుకి 6 నిమిషాలు, ఆ వెంటనే 14 నిమిషాలు రావచ్చు. ఊపిరి ఒక్కటే కొలత. ఎక్కుడులో ముక్కలు ముక్కలుగానైనా మాట్లాడగలిగితే సరైన చోటే ఉన్నట్టు.

ఒక మనిషి మాత్రమే పట్టే సన్నదారిలో వెనకనుంచి వచ్చేటప్పుడు "కుడి పక్కనుంచి వస్తున్నా" అని ముందే చెప్పి, అవతలి మనిషి చోటిచ్చాకే దాటాలి. వెనక అడుగుల చప్పుడు విని మీ వేగం పెంచకండి, పక్కకి తప్పుకోండి. గుర్తు రిబ్బన్లు కొంతసేపటిగా కనిపించకపోతే "ముందెక్కడో ఉంటుందిలే" అని పోవద్దు. ఆఖరిసారి చూసిన రిబ్బన్ దాకా వెనక్కి రావాలి. గుంపుగా పోయేవాళ్లే ఎక్కువగా దారి తప్పుతారు, ఎవరికి వాళ్లు ముందున్నవాడు చూస్తున్నాడని అనుకోవడం వల్ల. తినడం, తాగడం ఎక్కుడు నడకలో ముగించుకోండి, దిగుడులో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఎవరైనా పడి ఉంటే రేసు అక్కడే ఆగుతుంది. ఒకరు దగ్గర ఉండి, ఇంకొకరు తర్వాతి చెక్‌పాయింట్‌కి కబురు చేర్చాలి. పడినవాళ్ల బిబ్ నంబరు, చివరి కిలోమీటరు గుర్తు చెప్పగలిగితే సాయం త్వరగా వస్తుంది. మధ్యలో మానేసినవాళ్లు కూడా నిర్వాహకులకి చెప్పకుండా ఇంటికి పోకూడదు. వాళ్లకోసం రాత్రంతా కొండ వెతకాల్సి వస్తుంది.

8. పరిగెత్తనివాళ్లు, క్లబ్బు జట్టు

ఆ రోజు పరిగెత్తని సభ్యుల్ని నీళ్ల స్టాల్ దగ్గరకో, చిట్టచివరి రన్నర్ వెంట వచ్చే స్వీపర్ పనికో పంపండి. రేసు వెనకభాగం చూసినవాళ్లు తర్వాత చాలా ఓర్పుగా పరిగెత్తుతారు.

జట్టు పోటీ ఉంటే లెక్క ఎలా కడతారో ముందే తెలుసుకోండి. క్రాస్ కంట్రీ పద్ధతిలో, లెక్కలోకి వచ్చే సభ్యుల స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చినవాళ్లే విజేతలు. నలుగురి స్థానాలు తీసుకుంటే మీ మొదటివాడు 3 నుంచి 2కి రావడం కంటే నాలుగోవాడు 60 నుంచి 45కి రావడం పదిహేను రెట్లు విలువైనది. నెమ్మదిగా పరిగెత్తే సభ్యుడికి ఇది అర్థమయ్యేలా చెప్పండి, చివరి కిలోమీటరులో తేడా మీరే చూస్తారు.

క్లబ్బు లోపల మెచ్చుకోలుకి ఏజ్ గ్రేడింగ్ పట్టికలు వాడటం న్యాయంగా ఉంటుంది. వయసుకీ, స్త్రీపురుష భేదానికీ తగ్గ ఉత్తమ టైమ్‌తో పోల్చి శాతం ఇస్తాయి. 62 ఏళ్ల ఆవిడా, 27 ఏళ్ల కుర్రాడూ ఒకే వరసలో నిలబడతారు. ఈ పట్టికలు ట్రెయిల్ రేసులకి పనికిరావు. ట్రెయిల్ ఫలితాల్ని ఒకే రేసులో, నిరుటి ఫలితంతో మాత్రమే పోల్చండి, అదీ బురదగా ఉందా పొడిగా ఉందా రాసుకుని.

9. రేసయ్యాక

గీత దాటగానే కూలబడకుండా పది నిమిషాలు నడవాలి, తడి బట్టలు మార్చుకోవాలి. మారథాన్ తర్వాత మొదటి వారం నడక చాలు, రెండో వారం చిన్న ఈజీ పరుగులు, నాలుగో వారం దాకా ఇంటర్వెల్స్ (వేగం పెంచే సెషన్లు) జోలికి పోవద్దు. ఎక్కువ దిగుడున్న ట్రెయిల్ రేసుకీ తొడలు ఇంతే సమయం అడుగుతాయి.

ఫినిష్ ఆనందంలో ఆ సాయంత్రమే ఇంకో రేసుకి పేరిచ్చే అలవాటు చాలామందికి ఉంది. ఒక వారం దాకా ఎవరూ కొత్త రేసుకి పేరివ్వకూడదని క్లబ్బులో నియమం పెట్టుకోండి. ఆ వారంలో ఒక్కొక్కరూ నాలుగు ముక్కలు రాయాలి. ఏ కిలోమీటరులో కష్టమైంది, అప్పటికి ఏం తిన్నారు, సామానులో ఏది పనికిరాలేదు, ఎక్కడ బొబ్బలెక్కాయి. వచ్చే ఏడు అదే రేసుకి వెళ్లే కొత్త సభ్యుడికి ఇంతకంటే మంచి గైడ్ దొరకదు.

ఒళ్లంతా పరుచుకున్న నొప్పి నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. పాదం ఎముక మీదో, మోకాలి కింది ఎముక మీదో ఒకే చోట వేలితో నొక్కితే జివ్వుమంటూ, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే అది వేరు. ఎముకలో సన్నటి పగులు వచ్చి ఉండొచ్చు. అలాంటి సభ్యుణ్ని డాక్టర్ సరేననేదాకా గుంపులో పరిగెత్తనివ్వకండి, ఎంత బతిమాలినా సరే.